నేను నేనేనని ఎవరు చెప్పాలి?

మా అమ్మీకి పది వేళ్లున్నాయి. ఆ వేళ్లతోనే నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి... ఫజర్ నమాజు చేసుకుని కూచుంటే ఇషా వేళకి వెయ్యి బీడీలు. ఆ బీడీల్లోంచే నేను డిగ్రీ దాకా చదివాను. తమ్ముడు గల్ఫ్‌కి పోయాడు. ఇద్దరు చెల్లెళ్ల నికాలయ్యాయి. ఆ వేళ్లు లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి కూడా లేదు.

2018లో తమ్ముడు విజిట్ వీసా పంపిస్తే అమ్మీని తీసుకుని బయల్దేరాను. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆమె మొదటిసారి విమానమెక్కింది. దిగాక పాస్‌పోర్టు చూసే చోట ఒక చిన్న గాజుపలక ఉంది. దాని మీద వేళ్లు ఆనించమన్నారు. ఆనించింది. ఎర్రలైటు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, బొటనవేళ్లు. మళ్లీ మళ్లీ ఎర్రలైటే. కౌంటర్లో కూచున్న కుర్రాడు విసుగ్గా చెయ్యి ఊపి మమ్మల్ని పక్కకి నిలబడమన్నాడు. వెనకవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒకసారి మావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఏదో చేసే ఉంటారు, లేకపోతే ఎందుకు ఆపుతారు అనే చూపు.

అమ్మీ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "క్యా హువా బేటా? మేరే ఉంగ్లియాఁ నై దిఖ్‌తే క్యా ఇన్‌కు?" అంది. నా వేళ్లు వీళ్లకి కనిపించడం లేదా అని.

కనిపించడం లేదు. నలభై ఏళ్ల ఆకూ దారమూ కలిసి ఆ వేళ్ల మీది గీతల్ని అరగదీశాయి. ఆమె ఎలా బతికిందో ఆ నున్నటి వేళ్లని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. యంత్రానికి గీతలు కావాలి.

గంట గడిచింది. నేల తుడుస్తున్న ఒకాయన మా మాటలు విని దగ్గరికొచ్చాడు. మాట తీరు నిర్మల్ వైపుది. "అమ్మా, వేళ్లు జర నొసటికి రుద్దుకో. జిడ్డు తగిల్తే పడ్తయ్" అన్నాడు. రుద్దుకుంది. నాలుగోసారికి పచ్చలైటు వెలిగింది. ఆయన పేరు మేం అడగలేదు. మా పేర్లు ఆయన అడగలేదు.

ఇది చిన్న సంగతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. తప్పు చేసింది గాజుపలక. పక్కకి నిలబడింది మా అమ్మీ. ఎందుకని?

యంత్రమన్నాక చెడిపోతుంది అంటారు. నిజమే. పాస్‌పోర్టులు చూసే యంత్రాలూ చెడిపోతాయి. 2024 మే 7 సాయంత్రం బ్రిటన్ అంతటా ఎయిర్‌పోర్టుల్లో ఆటోమేటిక్ గేట్లు ఒక్కసారిగా మొరాయించాయి. ఆ దేశంలో అలాంటి గేట్లు 270కి పైగా ఉన్నాయి. పాస్‌పోర్టు ఆనించి కెమెరా వైపు చూస్తే తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. హీత్రూ, గాట్విక్, మాంచెస్టర్, ఎడింబరో... ఎక్కడ చూసినా పొడుగాటి లైన్లే. అర్ధరాత్రి దాటాక గానీ గేట్లు మళ్లీ పనిచెయ్యలేదు. ఇది సైబర్ దాడి కాదు, నెట్‌వర్క్‌లో వచ్చిన లోపం అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2023 మే నెలాఖరున, సెలవుల రద్దీలో కూడా ఆ గేట్లు ఇలాగే పడిపోయాయి. అమెరికాలో 2019 ఆగస్టు 16న ఇమిగ్రేషన్ కంప్యూటర్లు ఆగిపోయి దేశమంతటా ప్రయాణికులు హాళ్లలో కిక్కిరిసిపోయారు.

ఆ వార్తలు చదువుతుంటే నాకొకటి తట్టింది. బ్రిటన్‌లోని ఆ గేట్లు అందరికీ కాదు. బ్రిటిష్ వాళ్లకి, యూరప్ వాళ్లకి, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి కొన్ని దేశాల పాస్‌పోర్టులకి. మన పాస్‌పోర్టుకి అవి తెరుచుకోవు. మనవాళ్లు ఎప్పుడూ మనిషి కూచున్న కౌంటర్ ముందు లైన్లోనే నిలబడతారు. అంటే ఆ రాత్రి జరిగిందేమిటి? గేట్లున్న వాళ్లంతా గేట్లు లేని వాళ్ల లైన్లోకి వచ్చారు. ఒక్క రాత్రి. ఎవరూ ఏమీ చెప్పడం లేదని, పిల్లలు అలసిపోయారని కోపం తెచ్చుకున్నారు. ఆ కోపం న్యాయమైందే. ప్రపంచమంతా దాన్ని వార్తగా చదివింది.

ఏ తప్పూ చెయ్యకుండా ఆగి నిలబడ్డం ఒకరాత్రి జరిగితే వార్త. కొందరికి ప్రతిసారీ జరుగుతుంటే దాన్నేమంటారు? మామూలే అంటారు.

*

నా పేరులో మహమ్మద్ ఉంది. బళ్లో వేసేటప్పుడు పంతులుగారు దాన్ని ఎం.డి. అని రాశారు. టెన్త్ సర్టిఫికెట్‌లో అదే పడింది. ఎం.డి. అంటే మేనేజింగ్ డైరెక్టరా, పెద్ద డాక్టరా అని కాలేజీలో దోస్తులు నవ్వేవాళ్లు. రేషన్ కార్డులో ఒక స్పెల్లింగు, ఓటరు కార్డులో ఇంకొకటి, పాస్‌పోర్టులో మూడోది. షేక్ అయితే ఇంకా కష్టం. ఎస్.కె., షేక్, షైక్, షేఖ్... అరబీలో మాట ఒక్కటే. మనం తెలుగులో ఒకలా పలుకుతాం. గుమాస్తా ఇంగ్లీషులో తనకి తోచినట్టు రాస్తాడు. ఆయన తొందరలో రాసిందే మన పేరైపోతుంది.

మీ పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసలుంటాయి చూడండి. మధ్యమధ్య బాణం మొనల్లాంటి గుర్తులుంటాయి. యంత్రం చదివేది ఆ రెండు వరుసల్నే. వరుసకి 44 గళ్లు. పైవరుసలో పేరుకిచ్చినవి 39. అందులో పట్టేవి ఇంగ్లీషు పెద్దక్షరాలు 26. ప్రపంచంలోని పేర్లన్నీ, అరబీవైనా చైనావైనా తెలుగువైనా, ఆ 26 అక్షరాల్లోకి కుదించుకుని, ఆ 39 గళ్లలో సర్దుకోవాలి. ముందు ఇంటిపేరు, ఆ తర్వాత సొంతపేరు. అసలు ఇంటిపేరనేదే లేనివాళ్లు ఏం చెయ్యాలి? మా నానీ పేరు ఒక్కటే మాట. ఆ ఒక్క మాటతోనే పుట్టి, దానితోనే మట్టిలోకి పోయింది. ఆమెకెప్పుడూ రెండోపేరు అవసరం పడలేదు. 2022 నవంబర్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒక నిబంధన తెచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకి విజిట్ వీసా మీద ప్రవేశం లేదని. మా నానీ లాంటివాళ్లు అక్కడ పనిచేసుకుంటున్న కొడుకుని చూడాలంటే ముందు ఇంకో పేరు వెతుక్కోవాలి.

ఇంకో విచిత్రం చెప్తాను. రెండో వరుసలో పాస్‌పోర్టు నంబరు పక్కన, పుట్టినతేదీ పక్కన, గడువు తేదీ పక్కన ఒక్కో అంకె అదనంగా ఉంటుంది. 7, 3, 1 తో గుణించి, కూడి, ఆ మొత్తంలోంచి తీసిన అంకె అది. తేదీలో ఒక్క అంకె తప్పు చదివినా ఆ లెక్క కుదరదు. యంత్రం అక్కడే ఆగిపోతుంది. అది కాపలా అంకె. పేరుకి ఆ కాపలా లేదు. నంబరు తప్పు పోకూడదని చూసుకున్నారు. పేరు తప్పు పోతే పోయిందనుకున్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు నా పాస్‌పోర్టు ముందేసుకుని కూచున్నాను.

ఒకే పేరుని పదిరకాలుగా రాస్తే అవన్నీ ఒకటేనని పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. సౌండెక్స్ అంటారు. అమెరికాలో 1918లో దానికి పేటెంటు తీసుకున్నారు. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మిగిలిన హల్లులకి అంకెలు వేస్తారు. మహమ్మద్ అని పూర్తిగా ఏ స్పెల్లింగుతో రాసినా ఎం-530 వస్తుంది. మహమూద్ అని రాసినా ఎం-530. ఒడిశా మహంతి అని రాసినా ఎం-530! లెక్కకి మహమ్మదూ మహంతీ ఒకటే. దానికి మతం తెలియదు. మరి ఎయిర్‌పోర్టులో ఆపేది ఎవర్ని? పట్టికలో ఎవరి పేరుంటే, ఎవరి పేరు దానికి దగ్గరగా వినిపిస్తే వాళ్లని. ఆ పట్టికలో పేర్లు ఎక్కించేది మనుషులే.

పేరు కలవడం వల్ల ఆగినవాళ్లలో పెద్దవాళ్లూ ఉన్నారు. 2004లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీని ఎయిర్‌పోర్టుల్లో పదేపదే ఆపారు. టి. కెన్నెడీ అనే పేరేదో పట్టికలో ఉందట. అధ్యక్షుడి తమ్ముడు, దశాబ్దాలుగా సెనేటర్. ఆయన కూడా ఆ శాఖ మంత్రితోనే మాట్లాడుకోవాల్సొచ్చింది. అయినా పేరు సరిదిద్దడానికి వారాలు పట్టింది. షారుఖ్ ఖాన్‌ని 2009 ఆగస్టులో న్యూఆర్క్‌లో ఆపారు. 2012లో ఆపారు. 2016లో లాస్ ఏంజెలెస్‌లో ఆపారు. ఆ మూడోసారి అమెరికా రాయబారి స్వయంగా సారీ చెప్పాడు. కెన్నెడీకి మంత్రి ఉన్నాడు. షారుఖ్‌కి రాయబారి ఉన్నాడు. జగిత్యాల నుంచి మేస్త్రీ పనికి పోయే షేక్‌కి ఎవరున్నారు?

రహీనా ఇబ్రహీం కథ చెప్పాలి. ఆమె మలేసియా మనిషి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తుండేది. 2005 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుకి కూతురితో వచ్చింది. ఆపరేషనై కోలుకుంటున్న మనిషి, వీల్‌చైర్‌లో ఉంది. కంప్యూటర్లో ఆమె పేరు కొట్టారు. బేడీలు వేశారు. కొన్ని గంటలకి వదిలేశారు, మర్నాడు విమానం ఎక్కనిచ్చారు. కానీ ఆ తర్వాత ఆమె వీసా రద్దు చేశారు. చదువుకున్న దేశానికి తిరిగి అడుగుపెట్టనివ్వలేదు. ఆమె కోర్టుకెళ్లింది. కేసు ఏళ్ల తరబడి నడిచింది. జాతీయ భద్రత, రహస్యం, చెప్పకూడదు అంటూ ప్రభుత్వం అడ్డుపడుతూనే వచ్చింది. చివరికి 2014లో జడ్జి తీర్పిస్తే అసలు సంగతి బయటపడింది. 2004లో ఒక ఎఫ్.బి.ఐ. అధికారి ఫారం నింపుతూ గళ్లు తప్పుగా టిక్కు పెట్టాడు. ఏ పట్టికల్లో ఆమె పేరు చేర్చకూడదో వాటికి టిక్కు పెట్టమని ఫారంలో ఉంది. ఆయన దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. తాను పొరపాటు చేశానని కూడా ఆయనకి తెలియదు. 2013లో లాయర్లు ప్రశ్నలడిగినప్పుడు తెలిసింది.

ఒక టిక్కు. తొమ్మిదేళ్లు.

మనిషి తప్పు చేస్తే మర్చిపోతాడు, లేదా సిగ్గుపడతాడు. రెండిట్లో ఏది జరిగినా తప్పు అక్కడితో ఆగే అవకాశం ఉంది. అదే తప్పుని కంప్యూటర్లో పెట్టామనుకోండి. అది మర్చిపోదు, సిగ్గుపడదు. ఒక గుమాస్తా ఒక మధ్యాహ్నం చేసిన పొరపాటుని ప్రతి ఎయిర్‌పోర్టులోనూ, ప్రతి కౌంటర్లోనూ, అంతే నమ్మకంగా మళ్లీ మళ్లీ చెప్తుంది. కౌంటర్లో ఉన్నవాణ్ణి అడిగితే సిస్టమ్ చూపిస్తోంది అంటాడు. సిస్టమ్ అంటే ఎవరు? దాన్నెక్కడికి పోయి అడగాలి? తప్పు అందరి చేతుల్లోంచీ జారి, ఎవరి చేతిలోనూ లేకుండా పోతుంది. దాని బరువు మాత్రం ఒక మనిషి నెత్తిన పడుతుంది.

*

ఈ యంత్రాలు చేసే తప్పులు రెండు రకాలు. ఒకటి, నువ్వు నువ్వు కాదు అనడం. మా అమ్మీకి జరిగింది అదే. రెండు, నువ్వు ఇంకొకడివి అనడం. పేరు కలిసి ఆగిపోయిన వాళ్లందరికీ జరిగింది అదే. మొదటిది కాళ్లు నొప్పెట్టిస్తుంది. రెండోది బతుకు మీదికి తెస్తుంది.

ఏ యంత్రమూ ఇది ఫలానా మనిషే అని ఒట్టేసి చెప్పదు. ఇంత పోలిక ఉంది అని ఒక సంఖ్య చెప్తుంది. ఎంత పోలిక ఉంటే తలుపు తియ్యాలి, ఎంత పోలిక ఉంటే పోలీసుని పిలవాలి అనే హద్దు మనుషులు పెడతారు. గేటు దగ్గర హద్దు బిగిస్తే అసలైనవాళ్లు బయట నిలబడిపోతారు, వదులు చేస్తే ఎవరో దొంగపాస్‌పోర్టుతో దూరిపోతాడు. పట్టిక దగ్గర హద్దు వదులు చేస్తే ఏ పాపం తెలియనివాళ్లు వందలమంది దొరికిపోతారు, బిగిస్తే ఎవడో ఒకడు తప్పించుకోవచ్చు. రెండు వైపులా సున్నా తప్పులు సాధ్యం కావు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకాయన కూచుని, ఇంతమంది అమాయకులు ఆగితే ఫరవాలేదు అని నిర్ణయిస్తాడు. అది ఇంజనీరింగు ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది నీతి ప్రశ్న. ఎవరు ఆగితే ఫరవాలేదు? ఆ ఆగేవాళ్లలో నిర్ణయించేవాడి తల్లి ఉంటుందా?

2019 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వానికి చెందిన ప్రమాణాల సంస్థ, నిస్ట్, ఒక నివేదిక ఇచ్చింది. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లని 189 దాకా పరీక్షించారు. ఒకరి ముఖాన్ని ఇంకొకరి ముఖంగా పొరబడ్డం చాలా సాఫ్ట్‌వేర్లలో తెల్లవాళ్ల విషయంలో కంటే ఆసియా వాళ్ల, ఆఫ్రికన్ అమెరికన్ల విషయంలో ఎక్కువ. కొన్నిటిలో పదింతలు, కొన్నిటిలో వందింతలు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఆసియా దేశాల్లో తయారైన కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆసియా ముఖాల దగ్గర అంత తేడా కనపడలేదు. అంటే యంత్రం ఎవరి మధ్య పెరిగితే వాళ్ల ముఖాలు దానికి బాగా తెలుస్తాయి. అచ్చం మనలాగే. 2016లో న్యూజిలాండ్‌లో ఆసియా మూలాలున్న ఒకతను పాస్‌పోర్టు కోసం ఆన్‌లైన్లో ఫొటో పెడితే, నీ కళ్లు మూసుకుని ఉన్నాయి అని కంప్యూటర్ తిప్పికొట్టింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ నన్ను ఆపుతారు. ప్రతిదాన్నీ మతంలోకి లాగుతావెందుకు, మీ అమ్మగారిని ఆపింది ముస్లిం దేశంలోనే కదా అంటారు. ఒప్పుకుంటాను. అక్కడ మాకు అడ్డొచ్చింది మతం కాదు. అమ్మీ చేసిన పని అడ్డొచ్చింది. బీడీలు చుట్టిన వేళ్లు, ఇటుకలు మోసిన వేళ్లు, సిమెంటు కలిపిన వేళ్లు, అంట్లు తోమిన వేళ్లు, వీటిని ఆ గాజుపలక చదవలేదు. మన ఊళ్లలో రేషన్ షాపు ముందు వేలిముద్ర పడక వెనక్కి తిరిగిన ముసలమ్మల్ని అడగండి. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లోని షెంజెన్ దేశాలు బయటివాళ్ల వేలిముద్రలూ ముఖమూ తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలుపెట్టాయి. లిస్బన్‌లో క్యూలు తట్టుకోలేక మూడు నెలలు దాన్ని ఆపుతున్నామని ఆ డిసెంబర్‌లోనే పోర్చుగల్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ లైన్లో ఉన్నవాళ్లలో ఎన్ని మతాలవాళ్లు ఉన్నారో!

నేననేది ఇదే. యంత్రం తయారుచేసేవాడి మనసులో ఒక మామూలు మనిషి ఉంటాడు. ఆ మామూలు మనిషికి రెండు ముక్కల పేరుంటుంది. తెల్లటి ముఖం ఉంటుంది. చేత్తో బరువుపని చెయ్యడు కాబట్టి వేలిగీతలు చెక్కుచెదరవు. పట్టికలో ఉన్న ఏ పేరూ అతని పేరులా వినపడదు. ఈ నాలుగిట్లో ఒకటి తక్కువైతే మీరు ఒకసారి ఆగుతారు. నాలుగూ తక్కువైతే? మా అమ్మీకి నాలుగూ తక్కువే.

*

నిజం దాచను. ఆటోమేటిక్ గేటు మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషమేసింది. తమ్ముడు కార్డు ఆనించాడు, తలుపు తెరుచుకుంది, నడిచిపోయాడు. "భాయ్, ఈ గేటు నా గడ్డం చూడదు. ఎవరి కొడుకువని అడగదు" అన్నాడు. వాడి ఆనందం నాకు అర్థమైంది. కుర్చీలో కూచున్న మనిషి పేరు చదివి ఒకసారి తలెత్తి చూస్తాడే, ఆ క్షణం లేకపోవడం ఎంత హాయి! మనిషి కంటే యంత్రమే నయమని మైనారిటీ మనిషికి అనిపించే రోజొచ్చిందంటే, అది యంత్రం గొప్పతనం కాదు. మనుషులు ఎలా చూశారో చెప్పే సాక్ష్యం.

ఇప్పుడు అలాంటి గేట్లు మన దగ్గరా ఉన్నాయి. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో శంషాబాద్‌కీ వచ్చాయి. ముందే దరఖాస్తు పెట్టుకుని, వివరాలన్నీ పరిశీలించాక ఒప్పుకుంటే, భారతీయులు క్యూ లేకుండా నిమిషాల్లో దాటిపోవచ్చు. దాని పేరు ట్రస్టెడ్ ట్రావెలర్ పథకం. నమ్మదగ్గ ప్రయాణికుడు. పేరు బాగుంది. కానీ ఆ మాట వినగానే నాకు ఇంకో కాగితం గుర్తొస్తుంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ముస్లిం యువకుల్నే పట్టుకుపోయారు. వాళ్లని ఏ కంప్యూటరూ పట్టివ్వలేదు. పేరు చాలింది. తర్వాత కోర్టు వాళ్లని నిర్దోషులంది. కొన్నేళ్లకి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొంత పరిహారం ఇచ్చి, వీళ్లు మంచివాళ్లేనని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. సర్టిఫికెట్లు మిగిలాయి. ఆలోచించండి. ఏ నేరమూ చెయ్యలేదని జేబులో కాగితం పెట్టుకు తిరగాల్సిన మనిషి నమ్మదగ్గవాడా, కాడా? ఆ కాగితం అవసరం లేనివాడేనా నమ్మదగ్గవాడు? ఇల్లు అద్దెకి అడిగితే పేరు విని, అయ్యో నిన్ననే ఇచ్చేశామండీ అనే ఇంటాయన దగ్గర ఏ యంత్రమూ లేదు. ఆ గేటు మాత్రం ఎప్పుడూ చెడిపోదు.

ఈ మాటలన్నీ రాసి, ఒక మాట మాత్రం మింగేస్తే నాకు నిద్ర పట్టదు. మేం కూడా గేట్లు కట్టుకున్నాం. పెళ్లి సంబంధం వస్తే సయ్యదా, షేకా, పఠానా, దూదేకులా అని అడుగుతాం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారని, పేరు హుస్సేనప్ప అనో మస్తానమ్మ అనో ఉందని దూదేకుల వాళ్లని చూసి నవ్వినవాళ్లు మాలో ఉన్నారు. ఇదేం పేరు, ఇటా అటా అని అడిగినవాళ్లు ఉన్నారు. మస్తానమ్మని హిందువులు తురకామె అన్నారు, తురకలు తమ మనిషి కాదన్నారు. రెండు గేట్లూ ఎర్రలైటే చూపించాయి. ఇక మా అమ్మీ నలభై ఏళ్లు మసీదు ఎదురింట్లోనే ఉంది. లోపల ఎలా ఉంటుందో ఈ రోజుకీ చూడలేదు. ఎయిర్‌పోర్టులో ఆమెని ఆపినందుకు నాకు కోపమొచ్చింది. ఆమె వీధి దాటి అటువైపు పోకపోవడం ఇన్నేళ్లూ నాకు మామూలుగానే కనపడింది. నా కోపానికి విలువ ఉండాలంటే ఇది కూడా నేను చెప్పుకోవాలి.

గేట్లు అక్కర్లేదని నేననను. దేశాలన్నాక సరిహద్దులుంటాయి, చూసేవాళ్లుంటారు. రోజుకి లక్షలమంది ప్రయాణిస్తుంటే యంత్రాలూ ఉంటాయి. అవి తప్పులూ చేస్తాయి. తప్పుని కాదు నేను తప్పు పట్టేది. తప్పు జరిగిన తర్వాత, నేను నేనేనని రుజువు చేసుకోవాల్సిన భారం నా నెత్తిన పెట్టడాన్ని.

యంత్రం నన్ను గుర్తుపట్టకపోతే, దాన్ని తెచ్చి అక్కడ పెట్టినవాళ్లు వచ్చి, గుర్తుపట్టలేనిది మా యంత్రం అని ఒప్పుకోవాలి. పక్కనొక మనిషి ఉండాలి. తెర మీద చూసింది చదివి వినిపించే మనిషి కాదు, తెర తప్పు చెప్తోంది అనే అధికారం ఉన్న మనిషి. పట్టికలో నా పేరుంటే ఎందుకుందో నాకు చెప్పాలి. తప్పని తేలితే ఒక్క చోట కాదు, అది పాకిన అన్ని చోట్లా కొట్టెయ్యాలి. నిలబెట్టినందుకు సారీ చెప్పాలి. ఆ మాట కెన్నెడీకో షారుఖ్ ఖాన్‌కో చెప్పడం కాదు. చాట ఒళ్లో పెట్టుకుని బతికిన ఆడమనిషికి, ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇది దయ కాదు. వాకిట్లో కాపలా మనిషి పొరపాటున చుట్టాన్ని ఆపితే, ఇంటాయన బయటికొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు. అంతకంటే ఎక్కువ నేనేమీ అడగడం లేదు.

తమ్ముడికి మళ్లీ కొడుకు పుట్టాడు. అమ్మీ పోతానంటోంది. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, చూపు తగ్గింది, అయినా పోతానంటోంది. మొన్నొక రాత్రి లేచి చూస్తే, లైటు వెయ్యకుండా మంచం మీద కూచుని రెండు చేతులకీ కొబ్బరినూనె రుద్దుకుంటోంది. ఒక్కో వేలు, ఒక్కో వేలు, మెల్లగా. ఏంది అమ్మీ ఇప్పుడు, పడుకో అన్నాను.

"నెల రోజులు రాస్తే గీతలు వస్తాయంట బేటా" అంది. "ఈసారి నావల్ల నీకు లేటు కావొద్దు."